తెల్లగుడ్డ పరీక్ష: రవాణా శాఖ మంత్రిగారికి ఒక పాత గ్యారేజీ మెకానిక్ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రవాణా శాఖ మంత్రిగారికి, రవాణా కమిషనర్ గారికి నమస్కారాలు.

అయ్యా,

కిందటి నెలలో నా స్కూటర్ పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు తీరింది. పెట్రోలు బంకు పక్కన ఆగి ఉండే వ్యాను దగ్గరికి వెళ్ళాను. అందులోని కుర్రవాడు తల ఎత్తకుండానే బండి నంబరు అడిగాడు, నంబరు ప్లేటుకు ఫొటో తీశాడు, డబ్బు తీసుకున్నాడు. కాగితం బయటికి వచ్చింది. గొట్టం సైలెన్సర్‌లో పెట్టనే లేదు. అసలు నేను ఇంజిన్ స్టార్టు చేయలేదు. అయినా నా బండి కార్బన్ మోనాక్సైడ్ ఎంత వదులుతుందో, హైడ్రోకార్బన్లు ఎన్ని వదులుతుందో దశాంశాలతో సహా అందులో అచ్చయి ఉంది. "బాబూ, బండి ఆగి ఉంది కదా, ఈ అంకెలు ఎక్కడివి?" అని అడిగాను. "మీది మంచి బండే అంకుల్, పాసైపోయింది" అన్నాడు.

ముప్పై నాలుగేళ్ళు సిటీ బస్సుల గ్యారేజీలో పనిచేశాను. ఆపి ఉంచిన ఇంజిన్ పొగను కొలిచే విద్య నాకు ఎవరూ నేర్పలేదు.

ఆ కుర్రవాడి మీద నాకు కోపం లేదు. రోజుకు ఎన్ని సర్టిఫికెట్లు తీస్తే అతనికి అంత కూలి. అతను నిజాయితీగా గొట్టం పెట్టి కొలిచినా నగరం గాలికి పెద్దగా ఒరిగేది ఉండదన్నది నా బాధ. అది ఎందుకో మీకు చెప్పాలని ఈ ఉత్తరం మొదలుపెట్టాను. చేతికి గ్రీసు అంటినవాడి మాట కాబట్టి కొంత మొరటుగా ఉంటే మన్నించండి.

మా గ్యారేజీకి పొగ మీటరు రాకముందు తెల్లగుడ్డే మా యంత్రం. పాత బనియన్ ముక్కను సైలెన్సర్ మూతి దగ్గర పట్టుకుని డ్రైవరును నాలుగైదుసార్లు రేస్ ఇవ్వమనేవాళ్ళం. గుడ్డ మీద మరక చూసి మా ఫోర్‌మన్ బండి జాతకం చెప్పేవారు. పొడి మసి దట్టంగా పడితే గాలి తక్కువ, డీజిల్ ఎక్కువ: ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి ఉండాలి, లేదా నాజిల్ తుంపర కొట్టడం మాని చుక్కలు కారుస్తూ ఉండాలి. జిడ్డు మరక అయితే పిస్టన్ రింగులు అరిగి ఇంజిన్ ఆయిల్ మండుతోంది, ఆ పొగకు నీలం ఛాయ ఉంటుంది. గుడ్డ తడిసి పచ్చి డీజిల్ వాసన కొడితే ఇంధనం మండకుండానే బయటపడుతోంది, అది తెల్లపొగ.

ఇంత శ్రద్ధ పర్యావరణం మీద ప్రేమతో కాదండీ. మా మెడ మీద 'కె.ఎం.పి.ఎల్.' అనే కత్తి వేలాడుతూ ఉండేది. లీటరు డీజిల్‌కు బస్సు ఎన్ని కిలోమీటర్లు నడిచిందన్న లెక్క అది. నా బండి పక్క బండి కంటే పావు కిలోమీటరు తక్కువ నడిస్తే మర్నాడు డిపో మేనేజరు ముందు నేను నిలబడాలి. నల్లపొగ అంటే మండని డీజిల్, మండని డీజిల్ అంటే పోయిన డబ్బు. కాబట్టి నాజిళ్ళు మార్చేవాళ్ళం, పంపు కాలిబ్రేషన్‌కు పంపేవాళ్ళం. గాలి బాగుపడటం దాని వెంట వచ్చిన లాభం.

ఇప్పుడు రోడ్డు మీద చూడండి. నీళ్ళ ట్యాంకరు, మొరం టిప్పరు, రెడీమిక్స్ లారీ. చాలావాటికి యజమాని ఒకరు, నడిపేది ఇంకొకరు, ట్రిప్పు లెక్కన డబ్బు. కె.ఎం.పి.ఎల్. అడిగేవారు ఎవరూ లేరు. వేసవిలో మా కాలనీకి వచ్చే ట్యాంకరు గేరు మార్చినప్పుడల్లా రెండంతస్తుల ఎత్తున నల్లటి గొడుగు విప్పుతుంది. దాని అద్దం మీదా పొల్యూషన్ సర్టిఫికెట్ అంటించి ఉంది. చదివి చూశాను. పాసే!

ఆ కాగితం అబద్ధం కానక్కరలేదు కూడా. మన పరీక్షే అలాంటిది. పెట్రోలు బండిని నిలబెట్టి, ఖాళీగా తిరుగుతున్న ఇంజిన్ వదిలే కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు చూస్తారు. డీజిల్ బండిని నిలబెట్టే రేస్ ఇచ్చి పొగ ఎంత చిక్కగా ఉందో వెలుతురు పంపి కొలుస్తారు. కానీ డీజిల్ ఇంజిన్ అసలు పొగ లోడు మీద పుడుతుంది. బరువు నింపుకుని చడావు ఎక్కుతున్నప్పుడు, సిగ్నల్ దగ్గర ఆగి రెండో గేరులో లాగుతున్నప్పుడు. నిలబడి ఉన్న మనిషికి నాడి చూసి, ఇతను మెట్లెక్కినా ఆయాసపడడని రాసిచ్చినట్టు ఉంటుంది ఈ సర్టిఫికెట్. పైగా మనిషి ఊపిరితిత్తులకు కీడు చేసే రెండు ముఖ్యమైన వస్తువులను, అంటే నైట్రోజన్ ఆక్సైడ్లను, పీఎం 2.5 అనే సన్న రేణువులను, ఆ యంత్రం చూడనే చూడదు.

ఆ రేణువు తల వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా ఉండదు. డీజిల్ మసి అంతకంటే ఎంతో సన్నం. ముక్కులో వెంట్రుకలు, గొంతులో తేమ దాన్ని ఆపలేవు. డీజిల్ పొగ మనుషులకు క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే తేల్చి, పొగాకు, ఆస్బెస్టాస్ ఉన్న మొదటి జాబితాలో చేర్చింది. నేను రిటైరయ్యేదాకా ముఖానికి చేతిరుమాలు కట్టుకుని పనిచేసినవాణ్ణి. ఆ వార్త చదివిన రోజు రుమాలును కాసేపు చేతిలో పెట్టుకుని కూర్చున్నాను.

కొత్త బండ్లతో అంతా సర్దుకుంటుందని మీ శాఖలో కొందరికి నమ్మకం ఉన్నట్టుంది. కొంతవరకు నిజమే. 2020 ఏప్రిల్ 1 నుంచి బండ్ల పొగకు బీఎస్-6 అనే కొత్త ప్రమాణం వచ్చింది, ఇంధనంలో గంధకం పది లక్షల పాళ్ళలో 50 పాళ్ళ నుంచి 10కి దిగింది. డీజిల్ బండికి మసిని పట్టే ఫిల్టర్ వచ్చింది. పెద్ద బండ్లకు నైట్రోజన్ ఆక్సైడ్లను విరగ్గొట్టే ద్రవం వచ్చింది. డ్రైవర్లు దాన్ని 'యూరియా' అంటారు. ఇంజనీర్లు మంచి పని చేశారు, కాదనను.

అయితే గ్యారేజీ కళ్ళతో చూస్తే రెండు చిక్కులున్నాయి. సైలెన్సర్ బాగా వేడెక్కితే గానీ యూరియా సరిగా పనిచేయదు. సుమారు రెండు వందల డిగ్రీలు కావాలి. హైవే మీద బండికి ఆ వేడి వస్తుంది. అమీర్‌పేటలో మొదటి గేరులో పాకే బండికి ఎలా వస్తుంది? మసి ఫిల్టర్‌దీ అదే కథ. తనలో చేరిన మసిని అది కాల్చుకోవాలి, దానికీ వేడి కావాలి. నత్తనడక బండిలో మసి పేరుకుపోయి లైటు వెలుగుతుంది, పికప్ తగ్గుతుంది. కొత్త ఫిల్టర్ ధర వినగానే యజమానికి చెమటలు పడతాయి. అప్పుడు రోడ్డు పక్క మెకానిక్ ఫిల్టర్ కోసి తీసేసి ఖాళీ డబ్బా వెల్డింగ్ చేస్తాడు. యూరియా ఖర్చు మిగుల్చుకోవడానికి బండి కంప్యూటర్‌కు అబద్ధం చెప్పే చిన్న పెట్టె బిగిస్తాడు. ఈ రెండూ నేరాలే. కానీ మన పొగ పరీక్ష వీటిని పట్టలేదు, ఎందుకంటే కొత్త ఇంజిన్ ఫిల్టర్ లేకపోయినా కంటికి కనిపించేంత నల్లపొగ వదలదు. తెల్లగుడ్డ మీద మాత్రం మరక పడుతుంది.

ఈ చిక్కు ఇతర దేశాలకూ వచ్చింది. నెదర్లాండ్స్ 2023 జనవరి నుంచి, జర్మనీ అదే ఏడాది జులై నుంచి డీజిల్ బండ్ల తనిఖీలో రేణువులను లెక్కపెట్టే యంత్రం వాడుతున్నాయి. ఫిల్టర్ తీసేసిన బండి నిమిషాల్లో దొరికిపోతుంది. మన దగ్గరేమో 2017లో సుప్రీంకోర్టు పొల్యూషన్ సర్టిఫికెట్ లేనిదే బీమా రెన్యూ చేయవద్దంది. బీమా లేని బండ్లు పెరిగి ప్రమాద బాధితులకు పరిహారం అందడం లేదని బీమా సంస్థలు మొరపెట్టుకుంటే 2024లో ఆ షరతు తీసేసింది. ఏడేళ్ళపాటు ఒక కాగితానికి ఇంకో కాగితాన్ని ముడివేశాం, విప్పాం. మధ్యలో సైలెన్సర్‌కేసి చూసినవారు తక్కువ.

కాస్త పక్కకు వెళ్ళనివ్వండి. బేగంపేటలో, పాత విమానాశ్రయానికి దగ్గరలో, సర్ రోనాల్డ్ రాస్ పనిచేసిన భవనం ఉంది. 1897 ఆగస్టులో ఆయన దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టింది అక్కడే. మలేరియా అన్న మాటకు ఇటలీ భాషలో 'చెడు గాలి' అని అర్థం. జ్వరం గాలి వల్ల వస్తుందని శతాబ్దాలుగా నమ్మిన లోకానికి, గాలి తప్పు కాదు, దోమది తప్పు అని చెప్పే ఆధారం మన సికింద్రాబాద్ గడ్డ మీద దొరికింది. నూరేళ్ళు దాటిన తరువాత అదే రోడ్డు మీద సాయంత్రం ఆరింటికి నిలబడి చూడండి. ఇప్పుడు దోమ నిర్దోషి, గాలే ముద్దాయి.

ఆ గాలిని ఎక్కువగా పీల్చేది ఎవరు? ఏసీ కారులో అద్దాలు ఎత్తుకున్నవారు కాదు. బస్టాపులో నలభై నిమిషాలు నిలబడే ఆడమనిషి, సిగ్నల్ దగ్గర లారీ సైలెన్సర్ వెనక ఆగిన స్కూటర్ మీద తండ్రికీ తల్లికీ మధ్య ఇరుక్కున్న పిల్ల, కూడలిలో ఎనిమిది గంటలు చేయి ఊపే ట్రాఫిక్ కానిస్టేబుల్, అక్కడే మొక్కజొన్న పొత్తులు కాల్చే ముసలమ్మ. బండ్ల పొగ నగరమంతా సమంగా పరుచుకోదు. రోడ్డు అంచున చిక్కగా ఉండి, రెండు మూడు వందల మీటర్లు లోపలికి పోయేసరికి బాగా పలచబడుతుంది. సనత్‌నగర్, జూపార్కు, సోమాజిగూడ, కొత్త మలక్‌పేట వంటి చోట్ల కాలుష్య నియంత్రణ మండలి యంత్రాలున్నాయి, అవి అవసరమే. కానీ అవి గాలిని పీల్చేది మూడు మీటర్లకు పైన. నేను చెప్పిన స్కూటర్ పిల్ల ముక్కు అంత ఎత్తున ఉండదు.

ఢిల్లీతో పోల్చి మనం నయం అనుకోవడం కూడా అలవాటైపోయింది. పీఎం 2.5కు మన దేశం పెట్టుకున్న ఏడాది సగటు పరిమితి ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 5. హైదరాబాద్ ఇటీవలి ఏళ్ళలో 40 దరిదాపుల్లోనే తిరుగుతోంది. నూటికి ముప్పై అయిదు తెచ్చుకున్న పిల్లవాడు, పక్కవాడికి పది వచ్చాయని మిఠాయి పంచుతున్నట్టుంది మన సంగతి.

డబ్బు లేకపోలేదు. 2019 జనవరిలో కేంద్రం జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం పెట్టింది. మన హైదరాబాద్, నల్గొండ, పటాన్‌చెరు, అటు విజయవాడ, విశాఖపట్నం అన్నీ ఆ జాబితాలోనివే. ఆ డబ్బు ఎటు పోయిందో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2024లో దేశం మొత్తానికి లెక్క తీసింది. 64 శాతం రోడ్ల దుమ్ము అణచడానికి ఖర్చయింది. బండ్ల పొగకు 13 శాతం కూడా లేదు. కారణం ఊహించడం కష్టం కాదు. మార్కులు వేసేది ముఖ్యంగా పీఎం 10 అనే కాస్త ముతక రేణువుల తగ్గుదలను బట్టి, అందులో దుమ్ము బరువు ఎక్కువ. ఊడ్చే యంత్రం కొని, రోడ్డు మీద నీళ్ళు చల్లితే మార్కులు వస్తాయి. మసి అలాగే ఉంటుంది. పరీక్షలో ఏది అడిగితే విద్యార్థి అదే చదువుతాడు, తప్పు విద్యార్థిది మాత్రమే అనలేం. దుమ్ము ఊడ్వవద్దని నేననను. బ్రేకు, టైరు అరుగుదల కూడా ఆ దుమ్ములోనే కలిసి ఉంటుంది, కరెంటు బండ్లు వచ్చినా అది పోదు. కానీ ఇంట్లో కుళాయి కారుతుంటే ముందు కుళాయి కడతాం, తరువాత గచ్చు తుడుస్తాం.

ఇక బస్సుల మాట. ఇది నా సొంత ఇల్లు కాబట్టి కొంచెం పక్షపాతం ఉంటుంది, ముందే చెబుతున్నాను.

1932లో నిజాం రాష్ట్ర రైల్వే 27 బస్సులతో ఈ సర్వీసు మొదలుపెట్టింది. ఇప్పుడు నగరం జనం కోటికి అటూఇటూ. నగరాల్లో లక్ష మందికి 60 బస్సులుంటే మంచి సేవ అని కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ కొలత. ఆ లెక్కన మనకు ఆరు వేలు కావాలి. ఉన్నవి అందులో సగానికి అటూఇటూ. 2023 డిసెంబరు 9న మీ ప్రభుత్వం ఆడవాళ్ళకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే మహాలక్ష్మి తెచ్చింది. ఆడవాళ్ళు బస్సెక్కారు, సంతోషం. బస్సులు మాత్రం ఆ వేగంతో పెరగలేదు. ఫుట్‌బోర్డు మీద వేలాడలేని మగపిల్లవాడు ఏం చేస్తాడు? వాయిదాల మీద మోటారు సైకిల్ కొంటాడు. రాష్ట్రం ఏర్పడినప్పుడు వాహనాలు డెబ్బై లక్షల చిల్లర. ఇప్పుడు కోటిన్నర దాటాయి. వాటిలో ఎక్కువ భాగం కొన్నది షోకు కోసం కాదు, బస్సు రాక.

ఫ్లైఓవర్లు కడుతున్నారు. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ వైపు పదకొండున్నర కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే 2009లో తెరిచినప్పుడు నేనూ చూడటానికి వెళ్ళాను, గర్వపడ్డాను. కానీ ప్రతి ఫ్లైఓవర్ ఎక్కడో ఒకచోట దిగాలి కదా. దిగినచోట మళ్ళీ మొదటి గేరే. పైన పదినిమిషాలు మిగిలితే, ఆ మిగిలిన దారిలోకి ఇంకో వెయ్యి కార్లు వస్తాయి. నలభై ఏళ్ళుగా ఈ ఊరి రోడ్లు వెడల్పు కావడం, మళ్ళీ నిండిపోవడం చూస్తూనే ఉన్నాను.

ఒకప్పుడు కోర్టు కర్ర పట్టుకుని నిలబడితే ఏమవుతుందో ఢిల్లీ చూపించింది. 1998 జులైలో సుప్రీంకోర్టు సిటీ బస్సులన్నీ సీఎన్‌జీకి మారాలంది. అన్ని వైపుల నుంచీ గగ్గోలు పుట్టింది, గడువులు జారాయి, 2002 చివరికి మార్పు పూర్తయింది. గాలి నిజంగా తేలికపడింది. తరువాత కార్లు పెరుగుతూ పోయి ఆ లాభాన్ని మింగేశాయి. అక్కడే ప్రత్యేక బస్సు దారి వేసి, కారువాళ్ళ కోపానికి తలవంచి 2016లో పీకేశారు. అహ్మదాబాద్ మాత్రం 2009లో వేసిన బస్సు దారిని నిలుపుకుంది. రెండూ మన దేశమే, రెండు పాఠాలూ మన ముందున్నాయి.

కాబట్టి నేను అడిగేవి ఇవి. పొల్యూషన్ వ్యాన్లకు సర్టిఫికెట్ లెక్కన డబ్బు ఇచ్చే పద్ధతి ఉన్నంతకాలం ఫెయిల్ అన్న మాట ఎవరూ రాయరు. పరీక్షించేవాడి జీతం పాస్‌ల సంఖ్య మీద ఆధారపడకూడదు. గొట్టం లోపల ఉన్నట్టు వీడియో లేనిదే కాగితం రాకూడదు. స్కూటర్ల వెంటపడటం కంటే ముందు పెద్ద డీజిల్ బండ్లను పట్టండి. మంచి కండిషన్‌లో ఉన్న ఎన్నో కార్ల పొగను ఒక పాడైన టిప్పరు ఒక్కటే కక్కుతుంది. ట్యాంకర్లు ఎక్కడ నింపుకుంటాయో, రెడీమిక్స్ ప్లాంట్లు ఎక్కడున్నాయో మీ శాఖకు తెలుసు. రోడ్డు మీద ఆపి ట్రాఫిక్ జామ్ చేయనక్కరలేదు, నింపుకునే చోటుకే రేణువుల యంత్రం పంపండి. ఫిల్టర్ కోసిన బండికి జరిమానా వేసి వదిలేయకండి, ఫిల్టర్ తిరిగి బిగించేదాకా పర్మిట్ ఆపండి. కోసిన మెకానిక్‌ను కూడా పిలిచి అడగండి. మావాళ్ళే, అయినా చెబుతున్నాను.

కరెంటు బండ్లకు 2026 డిసెంబరు 31 వరకు రోడ్డు టాక్సు మాఫీ ఇచ్చారు, మంచిదే. కానీ పది లక్షల కారు కొనేవారికీ, రోజంతా తిరిగే ఆటో డ్రైవరుకూ ఒకే మాఫీ ఏం న్యాయం? రోజుకు నూట యాభై కిలోమీటర్లు తిరిగే బండి మారితే గాలికి లాభం, ఆదివారం బయటికి తీసే బండి మారితే ఫొటోకు లాభం. కరెంటు కోసం రామగుండంలోనో కొత్తగూడెంలోనో బొగ్గు మండుతుందని నాకూ తెలుసు. అక్కడి జనానికీ ముక్కులున్నాయి. ఆ లెక్క కూడా మరవకూడదు.

కేంద్రం పీఎం ఈ-డ్రైవ్ కింద హైదరాబాద్‌కు 2,000 కరెంటు బస్సులు కేటాయించింది. అవి వచ్చినప్పుడు పాత బస్సుల బదులుగా కాకుండా వాటికి అదనంగా నడపండి. బాగున్న డీజిల్ బస్సును తుక్కు చేయడం కంటే ముందు ట్యాంకరును మార్చడం మేలు. ఇంకోటి, ఎల్బీనగర్ నుంచి అయినా, ఉప్పల్ నుంచి అయినా, ఒక్క రోడ్డులో పొద్దున్న మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు బస్సుకు విడి వరుస ఇచ్చి చూడండి. కారువాళ్ళు తిడతారు. ఆరు నెలలు తిట్టించుకోండి. సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆపమని బోర్డులు పెడుతున్నారు కదా, అవి ఉండనివ్వండి, నేనూ ఆపుతాను. కానీ రెండు నిమిషాలు ఇంజిన్ ఆపే బాధ్యత నాకు ఇచ్చి, ఇరవై ఏళ్ళ టిప్పరును వదిలేస్తే ఆ బోర్డు చూసినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది.

ఈ లేఖ మీ దాకా వస్తుందో, ఏ ఫైలులోనో నిద్రపోతుందో తెలియదు. వస్తే ఒక ప్రార్థన. ఏ రోజైనా పొద్దున్న ఆరున్నరకు, సైరను లేకుండా, నగరంలో మీకు నచ్చిన ట్యాంకర్లు నింపే చోటికి రండి. నేను ఒక పాత బనియన్ చించి పన్నెండు తెల్లగుడ్డ ముక్కలు తెస్తాను. వరుసగా పన్నెండు బండ్లు ఆపి, సైలెన్సర్ దగ్గర గుడ్డ పడదాం. ఒక్కో గుడ్డనూ ఆ బండి అద్దం మీద అంటించిన సర్టిఫికెట్ పక్కన పెట్టి ఫొటో తీద్దాం. మాస్కు నేను తెస్తాను, మీరు పాత చొక్కా వేసుకుని రండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ బస్ మెకానిక్,
హైదరాబాద్